గేటు కాడి బండ

గా ఫోను లోపల పెట్టుండ్రయ్యా. నా మొకం నాకెందుకు చూపెడుతరు? నేనే అది. నొసటి మీద గంత పెద్ద బొట్టు, నేనే. ఎవరో ఫోటో తీసిన్రు, సంఘం గ్రూపుల ఏసిన్రు, అందరు చూసిన్రు. అయిపాయె. వేళ్లతోని గుంజి గుంజి పెద్దగ జేస్తె బొట్టు మాసిపోతదా?

కూసోండ్రి. గా కుర్చీల కాదు, దాని కాలు ఊగుతది. మంచం మీద కూసోండ్రి. చాయల చక్కెర ఏసిన్నో లేదో యాదికి లేదు, తాగి చెప్పుండ్రి. పొద్దున కూరల ఉప్పు రెండుసార్లేసిన. తిన్న గూడ. నాకు తెల్వలే. పక్కింటి పిల్లకు ఇంత పెడితె నోట్లె పెట్టుకొని ఉమ్మింది, గప్పుడు తెలిసింది.

గట్లున్నది నా పని. ఏడుస్తున్న అనుకొని వచ్చిన్రేమో, ఏడుస్తలేను. రమ్మన్నా వస్తలేదు ఏడుపు. పత్తి ఏరుతుంటె కాయ మొనలు వేళ్లకు గుచ్చుకుంటయి గదా, నాకు గుచ్చుకున్న సంగతే తెలుస్తలేదు. తెల్లటి పత్తి ఎర్రగైనంక, ఓహో, నెత్తురొచ్చిందనుకుంట. ప్రార్థన జేస్తున్న. మోకాళ్లు వంగుతున్నయి, పెదవులు ఆడుతున్నయి. లోపల ఎవ్వలు లేనట్టుంది.

మీరు మంచి మనసుతోనే వచ్చిన్రు. గది నాకు తెలుసు.

పోయిన ఆదివారం చర్చిల ప్రభువు రొట్టె పళ్లెం వరుసల వచ్చుకుంట వచ్చుకుంట నా ముందటికెల్లి పక్కకు పోయింది. పట్టుకొచ్చినామె నా మొకం చూడలే, పాపం. ఆమెకు చెప్పిన్రు, ఆమె చేసింది. నేను చెయ్యి సాపిన. ముప్పై ఏండ్ల అలవాటాయె. సాపిన చెయ్యిని ఏం జెయ్యాలె? మల్ల తెచ్చి ఒళ్లె పెట్టుకున్న. పక్కన కూసున్నోళ్లు కండ్లు మూసుకున్నరు. నిజంగనే ప్రార్థన జేస్తున్నరో, నన్ను చూడలేక మూసుకున్నరో.

ఇప్పుడు మీరు చెప్పెది నాలుగు మాటలు. వచ్చే ఆదివారం లేచి నిలబడాలె. మా వాళ్లు బలవంతం జేసిన్రు, పిట్ట ముడుతలేదని భయపెట్టిన్రు, నేను బలహీనురాలిని, ప్రభువు క్షమించాలె అనాలె. మీరు నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన జేస్తరు. పళ్లెం మల్ల నా కాడ ఆగుతది. గంతే గదా?

నాకు రొట్టె కావాలెనయ్యా. దాచుకునేదేమున్నది. ఇప్పుడు నాకు బువ్వ మీద మనసు లేదు, బిడ్డ మమతారాణి ఫోన్ జేస్తె మాట్లాడబుద్ధైతలేదు. గా రొట్టె ముక్క ఒక్కటి మాత్రం కావాలెననిపిస్తది. గోరంత ముక్క. గది నాలిక మీద పడితె లోపల ఏదన్న కదులుతదేమోనని.

అందుకే గా నాలుగు మాటలు అనేముందు మొత్తం చెప్తున్న. ఇనుండ్రి. మీరు మన బోథ్ చర్చికి వచ్చి రెండేండ్లాయె. మా ఆయన సాంబయ్యను మీరు గేటు కాడ చూసుడే. గేటు పక్కన బండ మీద కూసోని బీడీ తాగే ముసలాయన. మీరు నమస్తె పెడితె లేచి నిలబడేటోడు.

ఏందయ్యా? ఆ, నవ్వు మొకమే. అందరు గదే అంటరు.

నేను పుట్టినప్పుడు కిష్టవ్వను. హన్నమ్మ అని మీకన్న ముందటి పెద్దయ్యగారు పెట్టిన్రు. పెట్టకముందు ఊరు నాకు ఇంకో పేరు పెట్టింది. బాణామతిది. మా పక్కింటోళ్ల ఎద్దు గడ్డి మేసుకుంట మేసుకుంట కూలబడి సచ్చింది. దాని ముందటి దినం నేను దాని మెడ నిమిరిన్నట. నిమిరిన. ముద్దుగుండె, నిమిరిన. గంతే. నన్ను ఇంట్లకెల్లి గుంజి నడివాడల కూసోబెట్టిన్రు. పండ్లు ఊడగొడితె మంత్రం నోట్లెకెల్లి పోతదని పటకారు తెచ్చిన్రు. కమ్మరాయన పటకారే. మా ఆడిబిడ్డ లస్మవ్వ గూడ గా గుంపులనే ఉన్నది.

సాంబయ్య గొడ్డలి పట్టుకొని నా ముందట నిలబడ్డడు. ఒక్కడు ఎంతసేపు నిలబడతడు? గప్పుడు పెద్దయ్యగారు సైకిల్ మీద పోతుండెనట, గుంపును చూసి దిగిండు. కొట్లాడలే. ఎవ్వల్ని తిట్టలే. సీదా వచ్చి నా పక్కన మట్టిల కూసున్నడు, తెల్ల అంగీతోని. ఈమెకు ఊడగొట్టేటియి ముందుగాల నాకు ఊడగొట్టుండ్రి అన్నడు. పొద్దు గూకేదాక కూసున్నడు. జనం ఒక్కొక్కలే ఇంటికి పోయిన్రు. పశువులకు నీళ్లు పెట్టాలె గదా ఎవ్వలైనా.

వాక్యం తర్వాత ఇన్న. సదువు రాదు, చెవులతోనే ఇన్న. కానీ నేను నమ్మింది గా దినమే. మట్టిల పక్కన కూసునే దేవుడైతె నాకు చాలు అనుకున్న.

అప్పటిసంది ఎనకకు చూడలేనయ్యా. బాప్తిస్మానికి వాగుల మునిగి లేచిన నాడు ఒడ్డు మీద కూసోని అన్నీ తీసిన. బొట్టు తుడిసిన, గాజులు తీసిన, మట్టెలు తీసిన. పుస్తె గూడ తీసిన. పెద్దయ్యగారు పుస్తె తియ్యాలెనని ఏం లేదమ్మా అన్నడు. నేనే ఇనలే. ఇచ్చేదేదో మొత్తం ఇస్త, సగం సగం నాకు చాతగాదు అన్న. నా గుణమే గంత. సాంబయ్య పక్కనే నిలబడ్డడు. పుస్తె ఆయన చేతుల పెట్టిన. యాడ పెట్టమంటవు అని అడిగిండు. నీ ఇష్టమన్న. గంతే మా కొట్లాట.

చాట తగిలేసే మొలకు తగిలేసిండు దాన్ని. ఎడ్లు సచ్చిన ఏడు అమ్మి వేరే ఎడ్లు కొనుక్కొచ్చిండు. అమ్మేముందు నన్ను అడిగిండు. నన్నెందుకు అడుగుతున్నవంటె, నీదే గదా అన్నడు. ఎడ్లను తోలుకొచ్చిన్నాడు వాటి పట్టెడలు సవరించుకుంట, నీ మెడలది ఈటి మెడలకు వచ్చిందే అని నవ్విండు.

ఊరు నవ్వనిచ్చిందా? మొగడు బతికుండంగనే ముండమోసిందన్నరు. కల్లు మండువ కాడ ఆయన్ను పట్టుకొని, సాంబన్నా, నీ పెండ్లాం లెక్కల నువ్వెప్పుడో సచ్చినవు పో అనేటోళ్లు. గాయన ఏమన్నడో ఎరుకనా? సచ్చినోనికి మూడుపూటలు వండి పెడుతుందిరా, బతికున్న మీకు పెడుతలేరు గదరా మీ పెండ్లాలు అన్నడు. మండువంత నవ్విందట. ఇంటికొచ్చి నాకు చెప్పలే. వేరేటోళ్లు చెప్పిన్రు.

ఆయన నమ్మలేదయ్యా. మీరు మల్ల మల్ల అడిగిన్రు గదా, నేను ముప్పై ఏండ్లు అడిగిన. నమ్మలే. పోచమ్మకు యాటను కోసేటోడు. గా కూర నేను తిననని, ఇంట్లకు రానియ్యనని, బయట రాయి మీద కూసోని తిని, నోరు పుక్కిలించి, చేతులు కడుక్కొని, గప్పుడు లోపలికి వచ్చేటోడు. నేను కడుక్కొమ్మని చెప్పలే ఎన్నడు. వద్దనీ అనలే.

ఆదివారమొస్తె మాత్రం నన్ను తీస్కపోవాలె. మొదట నడిచి, తర్వాత సైకిలు, తర్వాత ఆటో. బాణామతిదాన్ని తొవ్వల ఎవ్వడేం జేస్తడోనని మొదట్ల భయంతోని వచ్చిండు. తర్వాత గా భయం పోయింది, ఆయన రాకడ మాత్రం పోలే. వానొచ్చినా వచ్చిండు. గేటు పక్కన బండ మీద కూసుండేటోడు. లోపలికి రారాదు, నీడకు కూసోరాదు అని పెద్దయ్యగారు పిలిచిండు, నేను పిలిచిన.

"పాట ఈడికి గూడ ఇనొస్తది తియ్యి" అనేటోడు.

నిజంగనే ఇనేటోడు. దుక్కి దున్నుకుంట మన పాటలన్నీ ఈలేసేటోడు. మాటలు రావు, రాగం తప్పేది లేదు. ఎడ్లకు అలవాటై, ఈల ఆపితె గవి ఆగేటియి.

జర ఆగుండ్రి, నీళ్లు తాగుత.

ఆయన పోయిన దినం కొట్టం కాడ కాడి కడుతుండె. పలుగు పడ్డట్టు సప్పుడైతె పోయి చూసిన. ఎడ్లు రెండు నిలబడి ఉన్నయి, నడుమ ఈయన పడి ఉన్నడు. అప్పటికే అయిపోయింది. ఒక మాట లేదు, ఒక గుటికెడు నీళ్లు అడిగింది లేదు.

మీకు ఫోన్ చేపిచ్చిన. మీరు రాలే. కాదు, తప్పు పడుతలేను. ఆయన విశ్వాసి కాదాయె, గక్కడ డప్పులు, కొబ్బరికాయలు, మీరొచ్చి ఏం జేస్తరు? ఆయన యాడికి పోయిండని నేను మిమ్ములను అడగలే గూడ. అడిగితె మీరు పరేషాన్ అయితరు. మీరేం చెప్పినా నాకు అక్కరకు రాదు.

శవం లేపేముందు మా దిక్కు ఆడోళ్లు పెండ్లాన్ని మంచిగ తయారు జేస్తరు. పసుపు రాసి, నిండ గాజులేసి, రూపాయంత బొట్టు పెట్టి, ఆఖరుసారి మొగనికి చూపెడుతరు. తర్వాత వాగు కాడికి తోల్కపోయి అన్నీ తీస్తరు. గాజులు పలగ్గొడుతరు, బొట్టు తుడుస్తరు. గది మీకు అన్యుల ఆచారం. నాకు గూడ గంతే. పసుపు కుంకుమ పళ్లెంల పట్టుకొని వచ్చిన్రు, వద్దన్న. నేను ప్రభువు బిడ్డను, నాకియి లేవు అన్న. గట్టిగనే అన్న.

కొట్లాడుతరనుకున్న. కొట్లాడలే. పళ్లెం పట్టుకొని నిలబడి నన్ను చూసిన్రు. నొసలు చూసిన్రు, మెడ చూసిన్రు, చేతులు చూసిన్రు, కాలి వేళ్లు చూసిన్రు. పెట్టనియ్యకపోతె పాయె, తియ్యడానికైనా ఏమన్న ఉండాలె గదా. ఏమున్నది? ఏం లేదు. గా ఆడోళ్లు పళ్లెం మీద బట్ట కప్పుకొని పక్కకు పోయిన్రు.

ఆయన్ను తీస్కపోయిన్రు. నేను ఇంట్లకొచ్చి అద్దంల మొకం చూసుకున్న. నిన్న ఎట్లున్నదో గట్లనే ఉన్నది.

తెలుస్తుందా అయ్యా నేను చెప్పేది? ఊర్లె ఏ ఆడిదాని మొగడు సచ్చినా దాని ఒంటి మీద ఒకటి పోతది. ఊరంత చూస్తది, దానికి తెలుస్తది. నాకు ఏం పోలే. నేను ముందే ఇచ్చిన్నాయె. సాంబయ్య అనేటోడు భూమ్మీద ఉండె, ఇప్పుడు లేడు అని నా ఒంటి మీద గీతంత గుర్తు లేదు.

ప్రభువు కోసం తీసిన్నని బాధ లేదు. మల్ల తియ్యమన్నా తీస్త. గది ఏరు, ఇది ఏరు.

మూడోనాడు పిట్టకు పెట్టుడు. పరశురాములు, మా మరిది కొడుకు, కొడుకు లేని మాకు వాడే కొరివి పెట్టిండు, వాడే నెత్తి గొరిగించుకొని మోదుగాకు ఇస్తారిల అన్నీ పెట్టిండు. అన్నం, కోడికూర, దొప్పల కల్లు, ఒక బీడీ కట్ట. నేను దూరంగ వాగు ఒడ్డుకు నిలబడ్డ. వండలే, పెట్టలే, మొక్కలే. పోయిన్నంటె, ఆయనది ఏదున్నా నేను లేకుంటె ఎట్ల అని పోయిన.

కాకులు తుమ్మచెట్టు మీద వరుసగ కూసున్నయి. దిగవు. పిట్ట ముట్టేదాక ఎవ్వలు మంచినీళ్లు గూడ ముట్టరు మా దిక్కు. సచ్చినోని మనసుల ఏదో కోర్కె ఉన్నది, గది తీరుస్తమని మాటియ్యాలె. ఇక ఒక్కొక్కలే ముందుకొచ్చి చెప్పుడు మొదలువెట్టిన్రు. పరశురాములు ఎడ్లను కటికోనికి అమ్మ పెదబాపూ, నేనే సాదుకుంట అన్నడు. మమతారాణి అవ్వను నేను చూసుకుంట బాపూ, ఫికర్ చెయ్యకు అని ఏడ్చింది. బీడీలు ఈ కట్ట కాదు, ఆయన తాగేది వేరే అని ఎవ్వలో అంటె, ఒగడు బండి మీద ఉరికి గది తెచ్చి పెట్టిండు. కాకి అటు చూస్తది, ఇటు చూస్తది. ఎండెక్కింది. పసిపిల్లలు ఆకలని మొత్తుకుంటున్నరు.

గప్పుడు లస్మవ్వ నా దిక్కు వచ్చింది. నేను బొట్టు తీసిన కాడికెల్లి నా ఇంట్ల నీళ్లు తాగని మనిషి. మొగడు పోయి ఆమె నొసలు గూడ ఖాళీ అయ్యి ఏండ్లాయె. తిడుతదనుకున్న. నా ముందట నిలబడి మెల్లగ అడిగింది.

"వదినె, మా అన్న నిన్ను ఎన్నడన్న ఏదన్న అడిగిండా?"

నేను ఎతికిన. మా కాపురమంత ఎతికిన. ఏం దొరకలే. లేదన్న.

"అయితె ఆయనకు బదులు నేనడుగుత. ఒక్కసారి బొట్టు పెట్టుకో. ఆయన చూసినంక నేనే తుడుస్త."

వద్దన్న. వద్దనే అన్న అయ్యా, మీరు నమ్ముండ్రి. నాతోని కాదన్న. మమతారాణి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పరశురాములు పెండ్లాం కుంకుమ భరిణె పట్టుకొని వచ్చింది. అందరు నా చుట్టు మూగిన్రు. ఎవ్వలు నన్ను గుంజలే, ఎవ్వలు ఒర్రలే. చూసుకుంట నిలబడ్డరు గంతే.

వాళ్లందరు నా మొకం చూస్తున్నరు. వాళ్ల ఈపుల ఎనక ఇస్తారి. నాకెదురుగ ఇస్తారి.

కాకి దిగింది.

ఒక్కటే కాకి. బీడీ కట్ట పక్కకు దొర్లిచ్చింది. అన్నంల రెండుసార్లు ముక్కు పెట్టింది. కోడి ముక్కను కాలుతోని నొక్కి పట్టి పీక్కొని తిన్నది. తాపీగ తిన్నది. నేను చూసిన. నేనొక్కదాన్నే చూసిన.

ఇప్పుడు ఇనుండ్రి. గదిగో ముట్టింది అని నేను చెయ్యి చూపెడితె అయిపోయేది. ఒక్క మాట. అందరు ఎనకకు మర్లేటోళ్లు, చేతులు కడుక్కొని బువ్వకు పోయేటోళ్లు, నా నొసలు నాకు మిగిలేది. మాట నోటి దాక వచ్చింది గూడ.

నేను అనలే.

"పెట్టుండ్రి" అన్న. అని తల వంచిన.

పరశురాములు పెండ్లాం పెట్టింది. కుంకుమ జరంత ముక్కు మీద రాలింది. గప్పుడు ఎవ్వడో ఎనకకు మర్లి, ముట్టింది ముట్టింది అన్నడు. బొట్టు పెట్టంగనే ముట్టింది, సాంబన్న గీ కోర్కెకే ఆగిండు అన్నరు. మీ ఫోనుల ఉన్న ఫోటో గప్పటిది. ఊరంత గదే చెప్పుకుంటుంది. మీకు గూడ గట్లనే చెప్పిన్రు.

ఇయ్యాలటి దాక నేను ఎవ్వలకు చెప్పలే. మీకే చెప్తున్న. పిట్ట కోసం పెట్టించుకోలేనయ్యా నేను. పిట్ట ముందే తిన్నది.

లస్మవ్వ మాట నిలబెట్టుకున్నది. వాగుకు తీస్కపోయి కూసోబెట్టింది. కొంగు నీళ్లల్ల తడిపి తుడిసింది. ఆమెది కొత్త ముతక చీర, గట్టిగ రుద్దింది, నొసలు మండింది. అయ్యా, ఆయన పోయినంక నాకు తెలిసింది గదొక్కటే. గంత మంట. కొద్దిసేపే. తర్వాత మల్ల మామూలే.

ఎందుకు చేసినవంటె ఏం చెప్పాలె? నా నొసటి మీదికెల్లి కూడ ఆయన పేరు మీద ఒకటి పోవాలె అనుకున్న. గంతకన్న ఎక్కువ నాకు తెల్వదు. పాపమే అంటరా? అనుండ్రి. నేను కాదంటలేను. ముప్పై ఏండ్లు మీ వాక్యం ఇన్నదాన్ని, గది ఏందో నాకు తెల్వదా?

కానీ బలవంతం జేసిన్రు అని ఎట్ల అనాలె? ఎవ్వలు చెయ్యలే. భయపడ్డ అని ఎట్ల అనాలె? పటకారు ముందట కూసున్నదాన్ని, కాకికి భయపడుతనా? లస్మవ్వ మీద ఏసి, పరశురాములు పెండ్లాం మీద ఏసి, మా వాళ్లందరిని దయ్యాలను జేసి, గా అబద్ధం నోట్లె పెట్టుకొని, గదే నోట్లె ప్రభువు రొట్టె పెట్టుకోమంటరా? శిష్యురాలు అంటిరి గదా నన్ను. పటకారుకు ఇయ్యని పండ్లు ఇవి. వీటితోని గంత పని చెయ్యను.

పశ్చాత్తాపపడ్డ అని అనరాదా అంటరా?

ఉంటె అందును. ఎతికిన లోపల. దుఃఖం లేదు, సంతోషం లేదు, పశ్చాత్తాపం గూడ దొరకలే. దొరికిన నాడు నేనే వచ్చి చెప్త, మీరు పిలవక్కరలేదు. లేనిదాన్ని ఉన్నదని చెప్పి తిన్న రొట్టె నాకు అరగదు.

లేస్తున్నరా? చాయ అట్లనే ఉంచిన్రు. చక్కెర ఎయ్యలేదా? గట్లయితె చెప్పరాదయ్యా.

ఏం లేదు, మీరు రంధి పెట్టుకోకుండ్రి. సంఘానికి చెప్పేది చెప్పుండ్రి, మీ పని మీరు జెయ్యాలె. పళ్లెం పట్టుకొచ్చే ఆమెను మాత్రం ఇంకోసారి గట్ల నా ముందటికెల్లి నడిపియ్యకుండ్రి, పాపం. నేను లోపలికే రాను. ఆదివారం మాత్రం వస్త. రాకుంట ఉండుడు నాకు రాదు.

గేటు పక్కన బండ ఖాళీగనే ఉన్నది గదా. ఆయన కూసోని కూసోని నున్నగైంది. పాట గాడికి గూడ ఇనొస్తదట.